వంకర లేని గోడ

నా చిన్నప్పుడు మా నాయన కన్ను తప్పు చెబుతుందని ఎవరైనా అని ఉంటే, చంద్రగిరి నుంచి తిరుపతి దాకా ఉన్న మేస్త్రులంతా పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆయన తాపీ మేస్త్రి. కట్టిన గోడ చివర నిలబడి, ఒక కన్ను మూసి, రెండో కంటితో గోడ పొడవునా ఒకే ఒక్క చూపు చూసేవాడు. నడిమధ్యన బియ్యపు గింజంత ముందుకొచ్చింది అనేవాడు. దారం లాగి చూస్తే సరిగ్గా అంతే వచ్చి ఉండేది. పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు కూడా తమ గోడ మీద అనుమానం వస్తే సైకిలు పంపి ఆయన్ని పిలిపించుకునేవాళ్ళు. ఆయన వెళ్ళి, ఒక చూపు చూసి, ఒక మాట చెప్పి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేసేవాడు. మా ఇంట్లో ఉన్న ఆస్తి ఆ చూపే. ఇంకేమీ లేదు.

ఇక నా సంగతి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ తిట్టని రోజు లేదు. కంటికి కనబడింది మనసుకు చేరకముందే నోట్లోంచి బయట పడేది. పక్కింటివాళ్ళ పెళ్ళికూతురికి మెల్లకన్నుందని పందిట్లోనే చెప్పిన ఘనత నాది. అమ్మ వీపు మీద రెండు వేసేది. నాయన మాత్రం వెనకేసుకొచ్చేవాడు. పిల్లదానికి అబద్ధం రాదు, అది ఉన్నదున్నట్టు చెబుతుంది, అందులో తప్పేముంది అని వాదించేవాడు. ఆ మాట నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఆ ఎండాకాలంలో తిరుపతి రైల్వేస్టేషను ఎదురు వీధిలో ఒక కొత్త కాఫీ హోటలు కడుతున్నారు. దాని యజమానిని అందరూ మొదలాళి అనేవాళ్ళు. మనిషి మంచివాడే. ముందే చెబుతున్నాను, ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. మొదలాళి మద్రాసులో ఎక్కడో ఒక హోటలు గోడ చూసి వచ్చాడు. గోడంతా నల్ల బిళ్ళ, తెల్ల బిళ్ళ, నల్ల బిళ్ళ, తెల్ల బిళ్ళ. అన్నీ నున్నటి పింగాణీ బిళ్ళలు, నాలుగు వేళ్ళ వెడల్పువి. కొండకొచ్చే జనం రైలు దిగి లోపలికి అడుగు పెట్టగానే ఆ గోడ చూసి నిలబడిపోవాలని ఆయన ఆశ. బిళ్ళలు గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో రైల్లో దిగాయి. పని మా నాయనకు అప్పజెప్పాడు. ఆయన చేతికి అంత గొప్ప పని అంతకు ముందెప్పుడూ రాలేదు.

మొదటి రోజే ఇద్దరికీ ఒక చిన్న వాదన జరిగింది. చదరంగం పలక మాదిరి పెట్టమని మొదలాళి అడిగాడు. అంటే బిళ్ళ కింద బిళ్ళ, అతుకు కింద అతుకు రావాలి. మా నాయన ససేమిరా అన్నాడు. ఇటుక పని చేసిన ఏ మేస్త్రీ అతుకు మీద అతుకు రానివ్వడు. పై వరుస ఇటుక కింది రెండు ఇటుకల మీద సగం సగం కూర్చోవాలి. లేకపోతే అతుకు వెంట గోడ నిలువునా పగులుతుంది. ఆయన పన్నెండో ఏట తాపీ పట్టినప్పుడు నేర్చుకున్న మొదటి పాఠం అది. ఇవి గోడను మోసే ఇటుకలు కావు, అంటించే బిళ్ళలేనని మొదలాళి చెప్పినా ఆయన చెవికెక్కలేదు. "అతుకు మింద అతుకు పెడితే నన్ను మేస్త్రీ అనరు సామీ" అన్నాడు. మొదలాళి నవ్వి, సరే, నీ ఇష్టం అన్నాడు. అలా ప్రతి వరుసా కింది వరుసకు సగం బిళ్ళ పక్కకు జరిగి కూర్చుంది. మా నాయన చేసిన తప్పంటూ ఉంటే అదొక్కటే. అదీ మంచి పనివాడు కాబట్టి చేశాడు.

పన్నెండు రోజులు పని నడిచింది. బడి సెలవులు కాబట్టి మధ్యాహ్నం సంగటి తీసుకుపోయే పని నాది. అమ్మ పొయ్యి మీది నుంచి దించిన గిన్నెను అలాగే పాతగుడ్డలో చుట్టి ఇచ్చేది. కట్టెల పొయ్యి కదా, గిన్నె అడుగంతా మసి. రైలు కట్ట దాటి హోటలు చేరేసరికి గుడ్డ జారి నా చేతులు, గౌను, ఒక్కోసారి మూతి కూడా నల్లగా అయ్యేవి. నాయన తినేదాకా నేను గోడ ముందు కూర్చుని వరుసలు లెక్కపెట్టేదాన్ని. గోడకు అడ్డంగా సారవ కట్టెలు, వాటి మీద ఎక్కి నిలబడే పలకలు ఉండేవి. ఆ సందుల్లోంచి కనిపించినంత మేరా గోడ గీత గీసినట్టు తిన్నగా ఉండేది. బిళ్ళకూ బిళ్ళకూ మధ్య చిటికెన గోరంత సందు వదిలాడు. సందులు ఇంకా పూడ్చలేదు. ఖాళీగా, లోతుగా, చీకటిగా ఉండేవి. ఈ సందుల సంగతి గుర్తు పెట్టుకోండి. నేనే యాభై ఏళ్ళ పైన మరిచిపోయాను.

పదమూడో రోజు సందులు పూడ్చారు. ఉత్త సిమెంటు పలచగా కలిపి, సందుల్లోకి పట్టించి, పైన తడి గోనెతో తుడిచేశారు. సారవ కట్టెలు విప్పేశారు. హోటలు తెరిచే ముహూర్తానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ మధ్యాహ్నం నేను గిన్నెతో గుమ్మంలో అడుగు పెట్టాను. లోపల మొదలాళి ఉన్నాడు, బల్లలకు రంగు వేసేవాళ్ళు ఇద్దరున్నారు, ఉడిపి నుంచి దిగిన వంటమనిషి ఒకాయన ఉన్నాడు. వాళ్ళంతా, నాయనతో సహా, గోడ దగ్గరగా నిలబడి బిళ్ళల నునుపు చూస్తున్నారు. గుమ్మం దగ్గర నుంచి, అంత దూరం నుంచి, గోడ మొత్తాన్ని మొదట చూసింది నేనే.

గోడ వంకరగా ఉంది. అలా ఇలా కాదు. ఒక వరుస ఎడమవైపు సన్నబడి కుడివైపు లావయింది. దాని మీది వరుస కుడివైపు సన్నబడి ఎడమవైపు లావయింది. నేను ఒక అడుగు పక్కకు వేస్తే వరుసలన్నీ కదిలినట్టయింది. చూస్తున్న కొద్దీ తెరుచుకుని మూసుకుంటున్నట్టు అనిపించి నాకు కళ్ళు తిరిగాయి. అప్పుడు నేను ఏం చేయాలి? గిన్నె కింద పెట్టి నాయన దగ్గరికి పోయి చెవిలో చెప్పాలి. లేదా నోరు మూసుకోవాలి. నేను చేసింది ఇది. గుమ్మంలో నిలబడి, అందరికీ వినబడేలా, "నాయనా, గోడంతా వంకరగా ఉండాది" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. తరవాత ఒక్కొక్కరూ వెనక్కి నడిచి నా పక్కకొచ్చి నిలబడి చూశారు. రంగు వేసేవాళ్ళలో ఒకాయన తల విదిలించి కళ్ళు నులుముకున్నాడు. చివర నాయన వచ్చాడు. నా పక్కన నిలబడ్డాడు. ఆయన ముఖం నాకిప్పటికీ కనిపిస్తుంది. భయం కాదు, కోపం కాదు. రోజూ పోయే దారిలో ఇల్లు కనబడకపోతే మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. నేరుగా గోడ చివరికి పోయి, ఒక కన్ను మూసి, పొడవునా చూశాడు. అక్కడి నుంచి తిన్నగా ఉందట. మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఇక్కడి నుంచి వంకర. అలా ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్కపెట్టలేదు.

తరవాత జేబులోంచి దారం చుట్టిన కట్టె తీశాడు. ఈ కొస రంగు వేసే ఆయనకిచ్చి, ఆ కొస తాను పట్టుకుని, ఒక వరుస కింద ఉన్న సందు మీద బిగించి లాగాడు. దారం సందు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు వెంట్రుకవాసి తేడా లేకుండా పడింది. మొదలాళి వంగి, దగ్గరగా చూసి, ఒప్పుకున్నాడు. అయినా దాని పైదీ కిందదీ వంకరగానే ఉన్నాయి. దారం పైకి జరిపితే అక్కడ ఒప్పుకోవలసి వచ్చేది, కింద మళ్ళీ వంకర మొదలయ్యేది. పిల్లి ఈ మూలకొస్తే ఎలుక ఆ మూలకు పోయినట్టు, వంకర దారానికి దొరక్కుండా తిరిగింది.

అప్పుడు నాయన నన్ను పిలిచాడు. నన్ను తిట్టలేదు. ఆ మాట ఎందుకన్నావని ఆ రోజు కాదు, ఆ తరవాత కూడా ఎప్పుడూ అడగలేదు. నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుని, నడుమెత్తు వరుస కింద సందులో ఒక కొసన పెట్టాడు. "కండ్లు మూసుకో అమ్మణ్ణీ. వేలు సందులోంచి బయటికి రానీకుండా ఆ కొసదాకా నడువు. యాడన్నా పైకెక్కితే సెప్పు, కిందికి దిగితే సెప్పు" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని నడిచాను. చల్లటి బిళ్ళలు వేలికి అటూ ఇటూ, మధ్యలో గరుకు సిమెంటు. ఎక్కడా ఎక్కలేదు, ఎక్కడా దిగలేదు. గోడ చివర తలుపు చట్రం తగిలేదాకా వేలు చేతి ఎత్తు మారకుండా సాఫీగా పోయింది. ఆయన నా వెనకే నడుస్తూ వచ్చాడు. "కంటికి తొందర, వేలికి ఓపిక. రెండూ రెండు మాటలు సెప్తే వేలి మాట ఇను" అన్నాడు. ఆయన నాకు నేర్పిన పాఠం అది. అంత ఇబ్బందిలో కూడా నాకు నేర్పడానికి ఆయనకు తీరికయింది.

కళ్ళు తెరిచి, ఆయన చెప్పినట్టు గుమ్మం దాకా వెనక్కి వచ్చి చూశాను. ఆశ్చర్యం, నా వేలు నడిచిన ఆ ఒక్క గీత తిన్నగా ఉంది. గోడంతా వంకర, ఆ గీత ఒక్కటే తిన్నగా ఉంది. ఆ మాటే చెప్పాను. నాయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. "సూసినారా సామీ? వేలు తగిలినంక కంటికి బుద్ధొచ్చినాది" అన్నాడు మొదలాళితో. అంతలో దగ్గరికి పోయి చూసి, నాలుక కరుచుకున్నాడు. నా వేలికున్న గిన్నె మసి ఆ గీత పొడవునా అంటుకుని ఉంది. తెల్ల బిళ్ళల అంచులకు కూడా అక్కడక్కడా నల్లటి మరక. మొదలాళి కొత్త గోడ మాసిపోయిందని ఆయనకు సిగ్గేసింది. తడి గోనె తీసుకుని ఆ మసి శుభ్రంగా, ఒక్క చుక్క లేకుండా తుడిచేశాడు. తుడిచి, నా వైపు తిరిగి, "ఇప్పుడు సెప్పు. తిన్నగా ఉండాదా, వంకరగా ఉండాదా?" అని అడిగాడు.

నేను చూశాను. ఆ గీత మళ్ళీ వంకర పోయింది.

నా వేలికి తెలుసు. ఒక్క నిముషం కిందటే తడిమి వచ్చిన వేలు అది. తిన్నగా ఉండాది నాయనా అని ఉంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. కానీ నేను అబద్ధం రాని పిల్లను కదా, ఉన్నదున్నట్టు చెప్పే పిల్లను కదా. "మళ్ళా వంకర పోయినాది నాయనా" అన్నాను.

మొదలాళి నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "మేస్త్రీ, నీ దారం తిన్నగా ఉండాది, నేను కాదనను. వచ్చేవాడు దారం తెచ్చుకోడప్పా, కండ్లు తెచ్చుకుంటాడు. ఈ గోడ ఎదురుగా కూర్చుంటే వాడికి తిన్నది కక్కొస్తాది" అన్నాడు. నాయన నా వైపే చూస్తూ, "బిడ్డకు అబద్ధం రాదు సామీ. దానికే వంకర కనపడతా ఉంటే అది వంకరే" అన్నాడు. సంచిలోంచి ఉలి, సుత్తి తీశాడు. సంగటి తినలేదు. గిన్నెకు చుట్టిన గుడ్డ విప్పకుండా నేను అలాగే ఇంటికి మోసుకొచ్చాను. వీధి మలుపు దాకా పింగాణీ పగిలే చప్పుడు నా వెనకే వచ్చింది.

పన్నెండు రోజులు పెట్టిన గోడ ఒకటిన్నర రోజులో రాలిపోయింది. తన గోడను వేరే వాళ్ళు ముట్టుకోకూడదని చివరి బిళ్ళ దాకా ఆయనే కొట్టాడట. ఆ చోట వేరే మేస్త్రి వచ్చి నీలం సున్నం కొట్టి ముహూర్తానికి అందించాడు. హోటలు తెరిచారు, జనం వచ్చారు. నీలం గోడ కింద కూర్చుని బాగానే తిన్నారు.

మా నాయన మాత్రం మళ్ళీ మనిషి కాలేదు. గోడ పోయినందుకు కాదు, పేరు పోయినందుకు కూడా కాదు. వంకర మేస్త్రి అని కొందరు అన్న మాట నిజమే, కానీ దాన్ని ఆయన మోయగలిగేవాడే. ఆయన మోయలేకపోయింది వేరే. నిన్నటిదాకా తిన్నగా ఉన్న గోడ ఒక పూటలో వంకర ఎలా పోయింది? ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్ళు తిరిగాడు. దిష్టి అన్నవాళ్ళున్నారు, నేల కుంగిందన్నవాళ్ళున్నారు. జీవితంలో కల్లు ముట్టని మనిషిని పట్టుకుని ఆ రోజు తాగి ఉన్నావా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆయన ఎవరి మాటా నమ్మలేదు. చివరికి తన కంటినే నమ్మడం మానేశాడు.

ముందు, కట్టిన ప్రతి వరుసకూ దారం పట్టడం మొదలుపెట్టాడు. తరవాత ఒక్కో వరుసకు నాలుగైదుసార్లు పట్టేవాడు. పక్క మేస్త్రి మూడు గోడలు లేపేలోగా ఈయన ఒకటి కూడా పూర్తి చేయలేకపోయేవాడు. ఎవరూ పిలవడం మానేశారు. ఎవరైనా పాత పరిచయం కొద్దీ గోడ చూడమని అడిగితే, నాకు చూపు సరిగా ఆనదప్పా అని తప్పించుకునేవాడు. ఆఖరికి పునాదుల పనికి కుదిరాడు. పునాదిలో రాయి వంకరో తిన్ననో ఎవరూ చూడరు, పైన మన్ను పడుతుంది. మట్టిలో కలిసిపోయే పనైతే నాకు భయం లేదు అని ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను. ఆయన ఏడవడం నేను చూడలేదు. నాకు మాత్రం ఆ మాటకు ఏడుపొచ్చింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ తరవాత ఆయన నన్ను దేన్నీ చూడమని అడగలేదు. అంతకు ముందు కిటికీ చట్రం పెట్టినా, అరుగు అలికినా, ఎట్లుండాది అమ్మణ్ణీ అని నన్నే అడిగేవాడు. నా మీద కోపమా అంటే కాదు. నేను ఏం చెబుతానో అని భయం. తొమ్మిదేళ్ళ కూతురి నోటికి తండ్రి భయపడడం ఎలా ఉంటుందో పగవాళ్ళకు కూడా తెలియకూడదు. నా పెళ్ళయిన మూడో ఏడు ఆయన పోయాడు. ఆయన వస్తువుల్లో నేను అడిగి తెచ్చుకున్నది ఆ దారం కట్టె ఒక్కటే.

ఇప్పుడు నేను తిరుపతిలోనే ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను. కిందటేడు నా కుడికన్ను మసకబారింది. ఎడమది ఎప్పటి నుంచో అంతంత మాత్రమే. పరీక్ష చేసిన డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. దాని మీద అడ్డగీతలు, నిలువుగీతలు, చిన్న చిన్న గళ్ళు, నడుమ ఒక చుక్క. రోజూ పొద్దున ఎడమకన్ను మూసి చుక్క వైపు చూడాలి. గీతలు వంకరగా కనబడితే వెంటనే చెప్పాలి. ఆలస్యం చేయకుండా సూది వేస్తే ఉన్న చూపు నిలుస్తుంది అన్నాడు. వంకర, తిన్నన. కాలం గడిచి ముసలిదాన్నయ్యాక కూడా నన్ను అదే ప్రశ్న వెతుక్కుంటూ వచ్చిందని నాకు నవ్వొచ్చింది.

కాగితాన్ని గోడకు అంటించి పెట్టింది పక్కింటి అమ్మాయి. బడిలో డ్రాయింగు నేర్పుతుంది, నన్ను పెద్దమ్మా అంటుంది. కొన్ని వారాల పాటు గీతలు బాగానే ఉన్నాయి. ఒక పొద్దున చుక్క దగ్గర గీతలు నీళ్ళలో చూసినట్టు వంగాయి. నాకు అలవాటైన పని చేశాను. నాయన దారం తీసి గీత మీద బిగించి పట్టుకున్నాను. దారం కూడా వంగింది. ఆయన బతుకంతా నమ్మిన దారం నా కంటి ముందు పాములా మెలి తిరిగింది. వేలితో తడిమి చూస్తే దారం తిన్నగానే ఉంది. నేను అలా నిలబడి ఉండగా ఆ అమ్మాయి వచ్చింది. ఏమైంది పెద్దమ్మా అంటే, గీతల మాట ఎత్తకుండా, చెప్పక చెప్పక ఆ గోడ కథంతా ఆమెకు చెప్పాను.

ఆమె నోరు తెరుచుకుని విన్నది. తన ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. నేను ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. అది మా నాయన గోడ. నల్ల బిళ్ళ, తెల్ల బిళ్ళ, సగం సగం జరిగిన వరుసలు, మధ్యలో బూడిదరంగు గీతలు, అవే వంకరలు. ఇది కంటిని ఆడించే బొమ్మ పెద్దమ్మా, ఇట్లాంటి గీతలతో గళ్ళతోనే బొమ్మలు వేసే కళాకారులున్నారు, మేము పిల్లలకు నేర్పిస్తాం, గీతలన్నీ తిన్ననే అన్నది. నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిదరంగు ఉంటేనే కన్ను మోసపోతుందట. చూడు అని, వేలితో ఏదో నొక్కి, బూడిద గీతలన్నిటినీ నల్లగా మార్చింది. వంకరలన్నీ పోయాయి. సిమెంటు పూడ్చక ముందు చీకటి సందులతో ఉన్నట్టే, గోడ గీత గీసినట్టు నిలబడింది.

మళ్ళీ బూడిద చేయమన్నాను. వంకర. నలుపు చేయమన్నాను. తిన్నన. ఎన్నిసార్లు చేయించానో, పాపం ఆ పిల్ల విసుక్కోలేదు. ఆఖరికి అడిగాను: "సిమెంట్లో మసి కలిపుంటే సాలునామ్మా?" చాలు పెద్దమ్మా, పైన పూసినా చాలు అన్నది.

మసి. నా చేతిలోని గిన్నె అడుగునే ఉంది. నా వేలికే ఉంది. నేనే కళ్ళు మూసుకుని ఆ గీత పొడవునా పూశాను, ఆ ఒక్క గీత తిన్నగా నిలబడింది, అందరం చూశాం. గోడ తన జబ్బుకు మందు తానే చూపించింది. కొత్త గోడ మాసిపోయిందని సిగ్గుపడి మా నాయన దాన్ని తుడిచేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇన్నేళ్ళకు ఒక ఫోను ముందు కూర్చుని నేను ఈ సంగతి తెలుసుకున్నాను. ఎవరికి చెప్పను? నాయన లేడు, మొదలాళి లేడు, ఆ హోటలు ఉన్న చోట ఏముందో కూడా నాకు తెలియదు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

వారం తిరిగేసరికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అక్కడ పనిచేసే అమ్మాయి నెలకొకసారి అడుగుతుంటుంది. "కాగితం మీద గీతలు తిన్నగా ఉన్నాయా అమ్మా, వంకరగా ఉన్నాయా?" అన్నది.

నేను కాగితం ముందే నిలబడి ఉన్నాను. కుడికంటికి ప్రతి గీతా మెలికలు తిరుగుతోంది. ఏం చెప్పాలో నాకు తెలుసు. వంకర అంటే సూది వేస్తారు, కన్ను నిలబడుతుంది. మూడు అక్షరాల మాట. ఒకప్పుడు అడక్కుండానే గుమ్మంలోంచి అరిచిన మాట. అది నా నోటికి రాలేదు. నా వేలు గీత మీద ఉంది, గీత తిన్నగా ఉంది. అడుగుతున్నది ఫోనులోని అమ్మాయి కాదనిపించింది. తడి గోనె చేతిలో పట్టుకుని, నా వైపు తిరిగి నిలబడ్డ మనిషి అడుగుతున్నట్టు అనిపించింది.

"తిన్నగానే ఉండాది" అన్నాను.

సరే అమ్మా అని ఆ పిల్ల రాసుకుని పెట్టేసింది. తప్పు ఆమెది కాదు. మళ్ళీ పరీక్షకు పోయిన నాటికి ఆలస్యమైపోయింది. ఇంత వంకర పోయేదాకా ఎందుకు చెప్పలేదమ్మా అని డాక్టరు బాధపడ్డాడు. పక్కింటి అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తెలివితక్కువ పని చేశానని నాకూ తెలుసు. ఆ మాట వల్ల నాయన బతుకు వెనక్కి రాదు, నా చూపు ముందుకు పోదు. కానీ ఆ ఫోను మళ్ళీ వస్తే నేను వేరే మాట చెప్పగలనా అంటే, చెప్పలేననే అనుకుంటున్నాను.

కాగితం ఇంకా గోడ మీదే ఉంది. పొద్దున లేచి దాని ముందు నిలబడతాను. కుడికంటితో చూస్తే ఇప్పుడు గీతలు వంకరగా లేవు, అసలు లేవు. నడుమ ఒక నల్లటి మరక, చుట్టూ అంచులు. గిన్నె మసి అంటిన వేలితో ఎవరో అద్దినట్టు ఉంటుంది. దాన్ని తుడవడానికి ఎవరూ లేరు. నేను కళ్ళు రెండూ మూసుకుని, చూపుడువేలు గీత మీద పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసదాకా మెల్లగా నడుస్తాను.